ఒకే వీధి, రెండు ఊరేగింపులు, ఒక ఏనుగు

మనవాళ్లు ఇప్పుడు దేశాలు బాగానే తిరుగుతున్నారు. బ్యాంకాక్ వెళ్తే మరకత బుద్ధుణ్ని చూడకుండా రారు. సింగపూర్‌లో మారియమ్మకు దండం పెడతారు. బాలిలో నడుముకు సరోంగ్ చుట్టుకుని మరీ గుడి మెట్లెక్కుతారు. మంచిదే. అదే కుటుంబం చార్మినార్‌కు వెళ్తే? గాజులు కొని, ఇరానీ చాయ్ తాగి, ఓ ఫొటో దిగి ఆటో ఎక్కేస్తుంది. 'మనల్ని లోపలికి రానిస్తారో లేదో' అని ఓ సంకోచం.

నయాపూల్ దాటాక మదీనా చౌరస్తా దగ్గర బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది. చార్మినార్ కట్టింది 1591లో. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్‌షా దీన్నీ కట్టించాడు. ఊళ్లో పీర్ల పండుగ చూసినవాళ్లకు ఇదేమీ కొత్త చోటు కాదు. మన పీర్లనే ఇక్కడ ఆలంలు అంటారు. అదే ఊదు వాసన, అవే దట్టీలు. గుండం చుట్టూ తిరుగుతూ ఆడే ఆటను 'అలావా' అంటాం కదా, ఆ మాట వచ్చింది కూడా ఈ సంప్రదాయం నుంచే.

లోపల గోడల నిండా పసుపు, నీలం రంగుల మెరుగు పలకలు. వాటి మీద పెద్ద పెద్ద ఆలం ఆకారాలు. పైన చూసి ఊరుకోకండి, కిందిభాగం కూడా చూడండి. అక్కడ పలకలు లేవు, వాటిని పోలినట్టు వేసిన రంగులున్నాయి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయి. ఆ వరద మట్టం ఎంతో చెప్పడానికి వేరే గుర్తు అక్కర్లేదు. ఆ వరదప్పుడే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్, ప్రధాని కిషన్‌ప్రసాద్ సలహా మేరకు మూసీకి పూజ చేసి చీర, పసుపు కుంకుమలు సమర్పించాడని పాతబస్తీలో నేటికీ చెప్పుకొంటారు. లాల్‌దర్వాజా సింహవాహిని బోనాల కథ కూడా అక్కడినుంచే మొదలుపెడతారు.

మక్కా మసీదు గురించి రెండు ముక్కలు చాలు. 1617లో మొదలైతే 1694లో ఔరంగజేబు కాలానికి పూర్తయింది. ఆవరణలో అసఫ్‌జాహీల సమాధులున్నాయి. 2007 మే 18 నాటి పేలుడు తర్వాత గేటు దగ్గర తనిఖీ ఉంటుంది. దానికి చిన్నబుచ్చుకోవద్దు. శుక్రవారం, నమాజు వేళలు తప్పించి వెళ్లండి. మోకాళ్లు కనిపించే బట్టలు వద్దు. ఆడవాళ్లు తల మీద చున్నీయో కొంగో కప్పుకుంటే సరి. బాలిలో సరోంగ్ చుట్టుకున్నవాళ్లకు ఇది కష్టమా?

అక్కడినుంచి శాలిబండ వైపు నడిస్తే హరిబౌలి వస్తుంది. అక్కన్న మాదన్నల గుడి అక్కడే. తానీషా కొలువులో మంత్రులు, మన భక్త రామదాసుకు మేనమామలు. దర్బారుకు బయల్దేరే ముందు ఈ మహంకాళికి మొక్కేవారని ప్రతీతి. గోల్కొండ కోట 1687లో కూలకముందే అన్నదమ్ములిద్దరూ హత్యకు గురయ్యారు.

బోనాల మర్నాడు, అంటే సోమవారం, ఈ గుడి ఘటం ఏనుగు మీద చార్మినార్ మీదుగా నయాపూల్‌కు వెళుతుంది. మొహర్రం పదో రోజున దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బీబీ కా ఆలం కూడా ఏనుగు మీదే బయల్దేరి, అదే చార్మినార్ మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. 2024లో ఈ రెండూ ఒకే నెలలో పడ్డాయి. జూలై 17న ఆలం, 28న లాల్‌దర్వాజా బోనాలు, మర్నాడు ఘటం. చాలా ఏళ్లపాటు ఈ రెండు ఊరేగింపులకూ జూపార్కులో ఉండే రజని అనే ఏనుగే వచ్చేది. పాతబస్తీ మతసామరస్యం మీద ఉపన్యాసాలు చాలా విన్నాం. ఈ ఒక్క ఏనుగు ముందు అవన్నీ దిగదుడుపే.

తర్వాత తర్వాత పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగుల్ని తెప్పించాల్సి వచ్చింది. అనుమతుల కోసం కోర్టు మెట్లెక్కిన సందర్భాలూ ఉన్నాయి. ఆచారం ఆగిపోతుందన్న బెంగ అటూ ఉంది, ఇటూ ఉంది. అది అర్థం చేసుకోదగ్గదే. కానీ కాలే తారు రోడ్డు మీద, ఆ డప్పుల మోతలో, వేలమంది మధ్య నడిచే ఆ మూగజీవి సంగతేమిటి? 2023లో కేరళ త్రిసూర్ జిల్లాలోని ఇరింజాడపిల్లి శ్రీకృష్ణాలయంలో యంత్రపు ఏనుగును పెట్టారు. ఇక్కడా రెండు వర్గాల పెద్దలూ కూర్చుని, ఇద్దరికీ కలిపి అలాంటిదొకటి చేయించుకోవచ్చని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు. ఏనుగెక్కని ఆలం ఆలమేనా అని ఒకరు, అమ్మవారి ఘటాన్ని బొమ్మ మీద పెడతారా అని ఇంకొకరు అడుగుతారు. అడగనివ్వండి. కనీసం ఆ మాట మీదైనా ఇద్దరూ ఒకచోట కూర్చుంటారు.

చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు లాల్‌దర్వాజాకు బోనాల ఆదివారం కాకుండా, ఆషాఢం దాటాక వెళ్లండి. తొక్కిసలాట లేకుండా అమ్మవారిని తీరిగ్గా చూడొచ్చు. వెళ్లేటప్పుడు జేబులో కాస్త చిల్లర ఉంచుకోండి, చెప్పులు కాసేవాళ్లకు ఇవ్వడానికి పనికొస్తుంది.