మోత బలం కాదు

పల్లెల రోడ్లపై మోటారు సైకిళ్ల మోత ఇటీవల మితిమీరిపోయింది. కంపెనీవారు బిగించిన సైలెన్సరును ఊడదీసి, ధ్వనిని అణచే ఏర్పాటు లేని బోలు గొట్టాన్ని డబ్బు పోసి బిగించుకోవడం కొందరు యువకులకు మోజైపోయింది. రాత్రివేళ వీధిలో తుపాకి పేలినట్లు చప్పుడు చేసుకుంటూ పోతుంటే, ఉలిక్కిపడి లేచే పసిపిల్లలు, గుండెజబ్బు ఉన్న వృద్ధులు, పరీక్షలకు చదువుకునే విద్యార్థులు ఎవరితో మొరపెట్టుకోవాలి? దారిన పోయే పశువులు బెదిరి ఎవరినైనా పొడిస్తే బాధ్యులెవరు?

గొట్టం మార్చితే బండికి బలం వస్తుందని ఒక నమ్మకం ఉంది. ఇది స్పోర్ట్స్ కార్లను చూసి వచ్చినది. టర్బో ఉన్న కార్లలో ఇంజను వదిలే పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం వలన ఇంజనులోకి అదనపు గాలి చేరుతుంది. పొగ పోయే దారి సులువైతే అక్కడ కొంత బలం పెరిగే మాట నిజమే. అందుకు తగినట్లు ఇంధనం పాళ్లు కూడా సరిచేస్తారు. పల్లెల్లో తిరిగే మోటారు సైకిళ్లకు టర్బో లేదు. ఒక్క గొట్టం మార్చినంత మాత్రాన ముఖ్యంగా పెరిగేది మోతే. అంతేగాక పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్‌ను కూడా పీకేస్తే, ఆ విషం ఊరివారే పీల్చాలి.

చట్టం లేక కాదు. ప్రతి వాహనానికి ధ్వనిని తగ్గించే సైలెన్సరు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదని 2000 సంవత్సరపు నిబంధనల్లో ఉంది. ధ్వని, వాయు కాలుష్య ప్రమాణాలను మీరి బండి నడిపితే 10,000 రూపాయల వరకు జరిమానా గాని, 3 నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించేలా 2019లో చట్టాన్ని సవరించారు. నగరాల్లో పోలీసులు ఇటువంటి సైలెన్సర్లను ఊడదీసి రోడ్డు రోలరుతో తొక్కించిన సందర్భాలున్నాయి. పల్లెల్లో మాత్రం అడిగేవారు అరుదు.

జరిమానా పడితే కట్టేది కుర్రవాడు కాదు, అప్పు చేసి బండి కొనిచ్చిన తండ్రి. గావున తల్లిదండ్రులే ముందుగా కళ్లు తెరవాలి. మెకానిక్కులు నాలుగు రూపాయలకు ఆశపడి ఊరి నిద్ర చెడగొట్టరాదు. పంచాయతీలు గ్రామసభలో ఈ విషయం చర్చించి, మాట విననివారి సంగతి పోలీసులకు తెలియజేయాలి. పోలీసు, రవాణా శాఖల అధికారులు నడిపేవారితో ఆగక, గొట్టాలు అమ్మే దుకాణాలపై కూడా దృష్టి పెట్టాలి.

అన్నీ ఉన్న విస్తరి అణగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరిపడుతుందని పెద్దల మాట. బండికైనా, నడిపేవాడికైనా అది వర్తిస్తుంది.