మిర్రర్‌లో ఒక ఎస్ఎస్‌డీ పోతే ముందు చెక్ చేయాల్సింది రెండోదాన్ని

మా మన్సూరాబాద్ వైపు ఫ్రెండ్స్‌లో హోమ్ సర్వర్ పెట్టుకునేవాళ్లు బాగా పెరిగారు. పాత డెస్క్‌టాప్ ఒకటి, అందులో లైనక్స్ లేదా ట్రూనాస్, రెండు 1 టీబీ ఎస్ఎస్‌డీలతో సాఫ్ట్‌వేర్ రెయిడ్ 1, అంటే మిర్రర్. ఇంట్లోవాళ్ల ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, ప్రాజెక్ట్ కోడ్ అన్నీ అందులోనే. డ్రైవ్‌ల కోసం నాగోల్‌లో మెట్రో ఎక్కి, పారడైజ్‌లో దిగి, సీటీసీలో ఒకే షాపులో ఒకే మోడల్ జత కొనుక్కొస్తారు. "రెండూ సేమ్ ఉండాలి" అని అందరూ చెప్పే సలహానే కదా! నా అభిప్రాయం మాత్రం పూర్తిగా రివర్స్.

కవలలతో వచ్చే చిక్కు

మిర్రర్‌లో ప్రతి రైట్ రెండు డ్రైవ్‌లకీ వెళ్తుంది. అంటే రెండూ ఒకే స్పీడ్‌లో అరుగుతాయి. ఒకే రోజు ఆన్ చేశారు కాబట్టి పవర్-ఆన్ గంటలు కూడా ఒకటే. ఫర్మ్‌వేర్ కూడా ఒకటే అయితే, అందులో ఉన్న బగ్ ఇద్దరికీ ఒకేసారి తగులుతుంది.

ఇది ఊహ కాదు. 2019 నవంబర్‌లో హెచ్‌పీఈ తన కొన్ని సర్వర్ ఎస్ఎస్‌డీల గురించి వార్నింగ్ ఇచ్చింది. ఫర్మ్‌వేర్ లోపం వల్ల సరిగ్గా 32,768 గంటలు, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు నడిచాక డ్రైవ్ పోతుంది, డేటా కూడా తిరిగి రాదు. ఒకేసారి పెట్టిన డ్రైవ్‌లు దాదాపు ఒకేసారి పోతాయని కూడా ఆ కంపెనీయే చెప్పింది. 2020 మార్చిలో వేరే మోడల్స్‌కి 40,000 గంటల దగ్గర ఇదే కథ. 2022 జులైలో హ్యాకర్ న్యూస్ సైట్ డౌన్ అయినప్పుడు మెయిన్ సర్వర్ డ్రైవ్‌లు, స్టాండ్‌బై సర్వర్ డ్రైవ్‌లు కొన్ని గంటల తేడాలో పోయాయి. అప్పుడు కూడా అనుమానం ఈ 40,000 గంటల మీదకే వెళ్లింది.

పోయినదాన్ని తర్వాత చూద్దాం

ఎండీస్టాట్‌లో రెండు "యూ"లు ఉండాల్సిన చోట ఒక "యూ", ఒక అండర్‌స్కోర్ కనిపించగానే మనం చేసేది ఏంటి? పోయిన డ్రైవ్‌ని పీకి, దాని మీద రీసెర్చ్ మొదలుపెడతాం. కానీ ఇప్పుడు మీ డేటా మొత్తం బతికున్న ఆ ఒక్క డ్రైవ్ మీదే నిలబడి ఉంది. నా లెక్కలో ఆర్డర్ ఇలా ఉండాలి.

ఒకటి: రీబిల్డ్ కంటే ముందు ముఖ్యమైన ఫైల్స్‌ని బయటి డ్రైవ్‌కి కాపీ చేయండి. లైనక్స్ ఎండీ రెయిడ్ రీబిల్డ్‌లో మామూలుగా ఖాళీ జాగాతో సహా మిగిలిన డ్రైవ్ మొత్తాన్నీ చదువుతుంది. జెడ్ఎఫ్ఎస్ అయితే వాడిన డేటా వరకే చదువుతుంది. ఏదైనా సరే, ముందు కాపీ.

రెండు: స్మార్ట్‌సీటీఎల్‌తో బతికున్న డ్రైవ్ పవర్-ఆన్ గంటలు, ఎంత శాతం అరిగింది, ఫర్మ్‌వేర్ వెర్షన్ చూడండి. ఆ వెర్షన్‌కి కంపెనీ ఏదైనా ఫిక్స్ ఇచ్చిందేమో వెతకండి. కాపీ పూర్తయ్యాకే అప్‌డేట్.

మూడు: ఇప్పుడు పోయినదాని సంగతి. సాటా డ్రైవ్‌లో సీఆర్‌సీ ఎర్రర్ల లెక్క పెరుగుతుంటే తప్పు చాలాసార్లు కేబుల్‌దో, పోర్ట్‌దో అయి ఉంటుంది. కేబుల్ మార్చి చూడకుండా వేల రూపాయలు పెట్టి కొత్త డ్రైవ్ కొనకండి.

నాలుగు: డ్రైవ్ నిజంగానే పోయి ఉంటే వేరే కంపెనీది తీసుకోండి. కంట్రోలర్ చిప్ కూడా వేరేగా ఉండేలా చూసుకోండి, ఎందుకంటే బ్రాండ్ మారినా లోపల అదే చిప్ ఉండే ఛాన్స్ ఉంది.

"స్పీడ్ తగ్గదా?"

తగ్గొచ్చు. మిర్రర్‌లో రైట్ స్పీడ్ నెమ్మదైన డ్రైవ్‌ని బట్టే ఉంటుంది. కానీ ఇంట్లో గిగాబిట్ నెట్‌వర్క్ సెకనుకి 125 ఎంబీ దాటదు, మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 ఎంబీ దాకా చదువుతుంది. ఫోన్ నుంచి ఫొటోలు ఎక్కించేటప్పుడు ఆ తేడా మీకు తెలియదు. అసలు జాగ్రత్త సైజ్ దగ్గర కావాలి. 960, 1000, 1024 జీబీ అని రకరకాలుగా వస్తాయి, మిర్రర్ చిన్నదాని సైజే తీసుకుంటుంది. అందుకే మొదట్లోనే పార్టిషన్ కొంచెం చిన్నగా పెట్టుకుంటే తర్వాత ఏ బ్రాండ్ అయినా సరిపోతుంది.

ఇప్పటికే జత కొనేసి ఉంటే కంగారు అక్కర్లేదు. బ్యాకప్ తీసుకున్నాక ఒకదాన్ని తీసి ల్యాప్‌టాప్‌కి వాడుకోండి, దాని ప్లేస్‌లో వేరే కంపెనీది పెట్టండి.

ఇంకో మాట. డ్రైవ్‌లు రెండూ వేరైనా ఉండేది ఒకే డబ్బాలో. 2020 అక్టోబర్ వానలకి సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నేల మీద పెట్టిన సీపీయూకి రెయిడ్ 1 ఏం చేయగలదు? మూడో కాపీ ఊళ్లో అమ్మానాన్నల దగ్గరో, క్లౌడ్‌లోనో ఉండాల్సిందే. ఈ రాత్రి మాత్రం ఒక్క పని చేయండి: మీ రెండు డ్రైవ్‌ల గంటలు, ఫర్మ్‌వేర్ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ అచ్చం ఒకేలా ఉంటే, తర్వాతి సేల్‌లో ఏం కొనాలో మీకు తెలిసిపోయినట్టే.