పది సీట్ల బడి, పదేళ్ల లెక్క

2024 మే నెలలో కాన్ చిత్రోత్సవం నుంచి రోజుల తేడాతో రెండు వార్తలు వచ్చాయి. పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమేజిన్ యాజ్ లైట్’ గ్రాండ్ ప్రి గెలుచుకుంది. విద్యార్థుల చిత్రాల కోసం నడిపే ‘లా సినెఫ్’ విభాగంలో మైసూరులో వైద్యం చదివిన చిదానంద నాయక్ తీసిన చిన్న కన్నడ చిత్రానికి మొదటి బహుమతి దక్కింది. ఇద్దరూ పుణె ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ)లో చదువుకున్నవాళ్లే. నాయక్ చదివింది మూడేళ్ల సినిమా కోర్సు కూడా కాదు, ఏడాది టెలివిజన్ కోర్సు. ప్రధాని మొదలు అందరూ అభినందించారు. ఈ బడి దేశానికి ఏమిచ్చిందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదని చాలామంది రాశారు.

ఆ ఆవరణలోనే 2019 డిసెంబరులో విద్యార్థులు నిరాహార దీక్షకు కూర్చున్నారు. కారణం ఫీజు. ఏటా పది శాతం పెంచుకుంటూ పోయే విధానం వల్ల 2013లో 55 వేల చిల్లర రూపాయలు ఉన్న వార్షిక రుసుము 2020 నాటికి లక్షా 18 వేలు దాటింది. ప్రవేశ పరీక్ష రాయడానికే, ఎంచుకున్న కోర్సులను బట్టి, పది వేల దాకా కట్టాల్సి వచ్చేది. పది శాతం అంటే వినడానికి చిన్నదే. వడ్డీ లెక్క తెలిసిన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు: ఏడున్నరేళ్లు తిరగకుండానే అది రెట్టింపవుతుంది.

కాన్ బహుమతుల గురించి రాసినప్పుడు ఈ దీక్ష ఎవరికీ గుర్తుకు రాదు. ఫీజుల గురించి రాసినప్పుడు బహుమతులు గుర్తుకు రావు. రెండింటినీ కలిపి చూడకపోతే సినిమా బడి లెక్క అర్థం కాదని నా అభిప్రాయం.

లక్ష రూపాయలు పెద్ద మొత్తమా అని ఎవరైనా అడగొచ్చు. హైదరాబాదులో సగటు ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాల ఫీజు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. ప్రైవేటు సినిమా బడులతో పోలిస్తే పుణె ఫీజు తక్కువే. కానీ ఇంజినీరింగ్ సీటు వెనక ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, బ్యాంకు రుణం ఉంది, చివరి ఏడాదిలో క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు ఉన్నాయి. సినిమా చదువుకు క్యాంపస్ కొలువులు అరుదు. గుర్తింపు లేని సర్టిఫికెట్ కోర్సైతే బ్యాంకు మేనేజరు దరఖాస్తు పక్కన పెట్టేస్తాడు. ఇంట్లో పొలమో బంగారమో కదిలితే తప్ప ఫీజు కట్టే దారి ఉండదు.

అసలు సినిమా బడి ఎందుకంత చిన్నగా ఉంటుంది? ఎఫ్‌టీఐఐని 1960లో కేంద్ర ప్రభుత్వం పాత ప్రభాత్ స్టూడియో స్థలంలో పెట్టింది. అరవై ఏళ్లు దాటినా దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, సౌండ్ వంటి ముఖ్య విభాగాల్లో ఒక్కోదానిలో ఏటా చేరేది పదీ పన్నెండు మందే. ఇంత పెద్ద దేశానికి ఇన్నేనా సీట్లు అని కోపం రావడం సహజం. కానీ ఇక్కడ చదువు జరిగే తీరే వేరు. డిప్లొమా ఫిల్మ్ ఒక్కరు రాసే పరీక్ష కాదు. దర్శకత్వం చదివే ప్రతి విద్యార్థికీ ఒక కెమెరా విద్యార్థి, ఒక ఎడిటింగ్ విద్యార్థి, ఒక సౌండ్ విద్యార్థి కావాలి. ఒక్క చిత్రంతో నలుగురి చదువు పూర్తవుతుంది. అందుకే ఒక విభాగంలో ఐదు సీట్లు పెంచాలంటే మిగతా మూడింటిలోనూ ఐదేసి పెంచాలి, వాటికి తగ్గ కెమెరాలు, ఎడిటింగ్ గదులు, మిక్సింగ్ సమయం, సెట్లు సమకూర్చాలి. ఇంజినీరింగ్ కళాశాలలో అరవై మంది కూర్చునే గదిలో మరో పది కుర్చీలు వేసినంత తేలిక కాదు.

ఈ నలుగురి ముడికి ఇంకో వైపు కూడా ఉంది. ఒక చిత్రం ఆగిందంటే నలుగురూ ఆగుతారు. కెమెరా చెడిపోయినా, అధ్యాపకుడి పోస్టు ఖాళీగా ఉన్నా, స్టూడియో తేదీ దొరక్కపోయినా, దర్శకత్వ విద్యార్థి స్క్రిప్టు మార్చుకుంటూ కూర్చున్నా, ఏ తప్పూ చేయని సౌండ్ విద్యార్థికి ఆరు నెలలు పోతాయి. వెనకబడిన బ్యాచ్ పరికరాలు వదలదు కాబట్టి తర్వాతి బ్యాచ్ కూడా వెనక్కి జరుగుతుంది. పుణెలో మూడేళ్ల కోర్సు ఐదారేళ్లు సాగడం ఇలాగే మామూలైపోయింది. 2015లో 139 రోజుల సమ్మె జరుగుతున్నప్పుడు 2008లో చేరిన బ్యాచ్ విద్యార్థుల డిప్లొమా చిత్రాలు ఇంకా పూర్తికాలేదు. అప్పటి డైరెక్టరు వాటిని ఉన్నవి ఉన్నట్టే మూల్యాంకనం చేయిస్తానన్నారు, విద్యార్థులు అడ్డం తిరిగారు, అర్ధరాత్రి పోలీసులు ఆవరణలోకి వచ్చి అరెస్టులు చేశారు. దేశమంతా ఆ సమ్మెను సంస్థ ఛైర్మన్‌గా గజేంద్ర చౌహాన్ నియామకం మీద పోరాటంగానే చూసింది. అది నిజమే. కానీ ఏడేళ్లయినా పూర్తికాని మూడేళ్ల కోర్సు ఎవరి తప్పిదం అన్న ప్రశ్న దానికింద నలిగిపోయింది. విద్యార్థులు సోమరులని ఒకరు, పాలన చేతకానిదని ఇంకొకరు. నా దృష్టిలో బరువు పాలన మీదే పడాలి. పరికరాలూ, తేదీలూ, అధ్యాపకులూ విద్యార్థి చేతిలో ఉండవు.

ఫీజు రసీదులో కనబడని ఖర్చు ఇదే. పాతికేళ్ల వయసులో మూడేళ్లకని ఇంట్లో చెప్పి బయల్దేరిన పిల్లవాడు ఐదో ఏడు కూడా నెలనెలా డబ్బు పంపమని అడగాల్సి వస్తే, ఫీజు ఎంత తక్కువైనా ఆ చదువు ఖరీదైనదే. ఇంటి నుంచి ఆధారం ఉన్నవాళ్లు ఈ ఆలస్యాన్ని సృజన కోసం దొరికిన సమయంగా వాడుకోగలరు. లేనివాళ్లు మధ్యలో పెళ్లి వీడియోలకో సీరియళ్లకో పోతారు.

ఇక ఫలితాలు. ఇక్కడ అందరూ తొందరపడతారు. నాగపూర్ నుంచి వచ్చిన రాజ్‌కుమార్ హిరాణీ 1980లలో పుణెలో చదివింది ఎడిటింగ్. ప్రకటనలకు ఎడిటింగ్ చేసుకుంటూ బతికాక ‘మున్నాభాయ్ ఎంబీబీఎస్’ వచ్చింది 2003లో. కేరళ పల్లెలోని పేద ఇంటి నుంచి వచ్చిన రసూల్ పూకుట్టి సౌండ్ కోర్సు ముగించింది 1995లో, ఆస్కార్ అందుకున్నది 2009లో. మన కె.కె. సెంథిల్ కుమార్ ఎఫ్‌టీఐఐలో ఛాయాగ్రహణం నేర్చుకుని వచ్చి తక్కువ బడ్జెట్‌లో తీసిన ‘ఐతే’తో 2003లో తెలుగు తెరమీదికి వచ్చారు. ‘బాహుబలి’ మొదటి భాగం ఆ తర్వాత పన్నెండేళ్లకు గాని రాలేదు. కోర్సు ముగిసిన రెండో ఏట ఈ ముగ్గురి ఆదాయం ఎవరైనా లెక్కకట్టి ఉంటే, డబ్బు వృథా అని తేల్చేసేవారు.

సరిగ్గా అలాంటి లెక్కే అమెరికాలో జరిగింది. 2021 జులైలో వాల్ స్ట్రీట్ జర్నల్ అక్కడి ప్రభుత్వ గణాంకాలతో ఒక కథనం ప్రచురించింది. న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫెడరల్ రుణం తీసుకుని సినిమాలో మాస్టర్స్ చేసినవారి మధ్యస్థ అప్పు 1,81,000 డాలర్లు. డిగ్రీ చేతికొచ్చిన రెండేళ్లకు వారిలో సగం మంది ఏడాది సంపాదన 30 వేల డాలర్ల లోపే. ఆ కథనం చదివి సినిమా చదువే దండగని కొందరు నిర్ణయానికి వచ్చారు. నాకు అందులో కనబడింది వేరు. సినిమా పనిలో నిలదొక్కుకోవడానికి పదేళ్లు పడుతుంది, అప్పు మాత్రం మొదటి ఏడాదే తలుపు తడుతుంది. ఈ రెండు కాలాల మధ్య ఉన్న అగాధాన్ని ఎవరు పూడ్చాలన్నదే అసలు ప్రశ్న. కొలంబియా దాన్ని విద్యార్థి నెత్తిన పెట్టింది. జనాభాలో మన హైదరాబాదు కన్నా చిన్నదైన డెన్మార్క్ 1966లో పెట్టుకున్న జాతీయ సినిమా బడిలో దర్శకత్వానికి రెండేళ్లకోసారి ఆరుగురిని మాత్రమే తీసుకుని, ఖర్చు ప్రభుత్వమే భరించింది. లార్స్ వాన్ ట్రయర్, సుసానె బియర్, థామస్ వింటర్‌బర్గ్ ఆ బడి పిల్లలే. పుణె మొదట్లో డెన్మార్క్ దారిలోనే ఉండేది. ఏటా పది శాతం అన్న నిర్ణయంతో మెల్లగా కొలంబియా వైపు జరిగింది.

ఒక్క విషయంలో అమెరికాను మెచ్చుకోవాలి. ఏ కోర్సు చదివినవాళ్లు ఎంత అప్పుపడ్డారో, ఎంత సంపాదిస్తున్నారో అక్కడి విద్యాశాఖ కోర్సులవారీగా బయటపెడుతుంది. కొలంబియా కథ బయటికొచ్చింది అందువల్లే. అమెరికాకు ఎమ్మెస్ కోసం వెళ్లే మన పిల్లలు కోర్సు ఎంచుకునేటప్పుడు ఆ గణాంకాలు చూసుకోవచ్చు. అదే పిల్లల తమ్ముడు హైదరాబాదులో సినిమా కోర్సులో చేరాలనుకుంటే చూసుకోవడానికి రంగుల బ్రోషరు తప్ప ఏమీ ఉండదు. అందులో పేరుపొందిన ఒకరిద్దరి ఫొటోలుంటాయి. ఆ బ్యాచ్‌లో మిగతా ముప్పయి మంది ఏమయ్యారో ఉండదు.

మనవాళ్లకు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అనగానే రజనీకాంత్, చిరంజీవి నేర్చుకున్న మద్రాసు ఫిల్మ్ చాంబర్ సంస్థ గుర్తొస్తుంది. అది నటన బడి. ఆ జ్ఞాపకం వల్లనో ఏమో, మన ప్రైవేటు సంస్థల్లో నటనకూ దర్శకత్వానికీ ఉన్న గిరాకీ సౌండ్‌కూ ఎడిటింగ్‌కూ ఉండదు. గిరాకీ ఉన్నచోట ఫీజు వస్తుంది కాబట్టి సీట్లూ అక్కడే పెరుగుతాయి. అప్పుడు నలుగురి ముడి ఏమవుతుంది? దర్శకత్వ విద్యార్థులు ఇరవై మంది ఉండి సౌండ్ విద్యార్థులు ఇద్దరే ఉంటే, పద్దెనిమిది చిత్రాలకు బయటినుంచి మనిషిని కూలికి తెచ్చుకోవాల్సిందే. ఆ డబ్బు కట్టిన ఫీజుకు అదనం. పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులకు నేను చెప్పగలిగిన సులువైన పరీక్ష ఒకటుంది. ఆ సంస్థ విద్యార్థులు తీసిన ఐదారు చిత్రాలు అడిగి, చివర్లో పేర్లు పడేదాకా చూడండి. అన్నింటిలోనూ సౌండ్, ఎడిటింగ్ దగ్గర ఒకే బయటి మనిషి పేరు పడుతోందంటే ఆ బడిలో నిజంగా ఎవరు చేరుతున్నారో తెలిసిపోతుంది. చేరినవాళ్లెంతమంది, పూర్తిచేసినవాళ్లెంతమంది, ఐదేళ్ల తర్వాత వాళ్లు ఏం చేస్తున్నారు, మధ్యలో మానేస్తే ఫీజు తిరిగిస్తారా, తీసిన చిత్రం హక్కులు ఎవరివి అని రాతపూర్వకంగా అడగండి. ఫీజు తీసుకునే ప్రతి సంస్థా ఈ లెక్కలు ఏటా ప్రకటించాలని ప్రభుత్వాలు నిబంధన పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఫలితం అంటే పేరు అని కూడా అనుకోకూడదు. ఒక బ్యాచ్‌లో ఒకరు దర్శకులైతే, మిగతావాళ్లు ఫోకస్ పుల్లర్లుగా, డబ్బింగ్ ఇంజినీర్లుగా, సీరియల్ ఎడిటర్లుగా, వెబ్ సిరీస్‌లకు సింక్ సౌండ్ పట్టేవాళ్లుగా స్థిరపడతారు. పరిశ్రమ నడిచేది వీళ్ల మీదే. అయితే బడి బయట ఇంకో గుమ్మం ఉంది. ఇక్కడ 24 క్రాఫ్ట్‌ల సంఘాల కార్డు లేకుండా పెద్ద సినిమా సెట్‌లో నిలబడటం కష్టం, కార్డుకు మళ్లీ ఖర్చు. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతన పెంపు కోరుతూ షూటింగులు ఆపేసినప్పుడు నిర్మాతలూ కార్మికులూ నైపుణ్యం గురించి చాలా మాట్లాడారు. ఆ నైపుణ్యం ఎక్కడ, ఎవరి డబ్బుతో నేర్పాలన్న మాట మాత్రం పెద్దగా వినబడలేదు. బడిలో డిప్లొమా తీసుకున్నవాళ్లకు కార్డు రుసుములో రాయితీ ఇవ్వడం సంఘాలు చేయగలిగిన పనే.

ప్రభుత్వ సంస్థల్లో సినిమా పని నేర్పడం పొరుగు రాష్ట్రాలు ఎప్పుడో మొదలుపెట్టాయి. మద్రాసులో 1945లోనే పాలిటెక్నిక్‌లో భాగంగా సినిమా సాంకేతిక కోర్సులు వచ్చాయి. అదే ఇప్పుడు ఎంజీఆర్ పేరుతో ఉన్న ప్రభుత్వ సంస్థ. పి.సి. శ్రీరామ్ అక్కడి విద్యార్థి, మన ‘రంగస్థలం’ ఛాయాగ్రాహకుడు రత్నవేలూ అక్కడి విద్యార్థే. బెంగళూరు ఎస్.జె. పాలిటెక్నిక్ నుంచి వి.కె. మూర్తి, గోవింద్ నిహలానీ వచ్చారు. కేరళ గత దశాబ్దంలో కొట్టాయం జిల్లాలో కె.ఆర్. నారాయణన్ పేరుతో సంస్థ పెట్టింది. అక్కడ కులవివక్ష ఆరోపణలతో విద్యార్థులు సమ్మె చేసి 2023 జనవరిలో డైరెక్టరు రాజీనామా దాకా తెచ్చారు. ప్రభుత్వ సంస్థ అయినంతమాత్రాన అన్నీ సవ్యంగా ఉంటాయని నేననడం లేదు. కానీ అక్కడ అడగడానికి ఒక గుమ్మం ఉంది.

2025 ఏప్రిల్‌లో పుణె ఎఫ్‌టీఐఐకీ, కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థకూ డీమ్డ్ యూనివర్సిటీ హోదా ఇచ్చారు. ఇకమీదట డిప్లొమాలకు బదులు డిగ్రీలు ఇవ్వొచ్చు. అధ్యాపక ఉద్యోగాలకూ విదేశీ చదువులకూ అది మేలే. డీమ్డ్ హోదా వచ్చాక ఫీజులు ఏ దారిన వెళ్తాయో మన రాష్ట్రాల్లో ఇప్పటికే చాలా ఇళ్లు చూశాయి. ఏటా పది శాతం లాంటి పెంపులకు ముందు స్వస్తి చెప్పి, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు నిర్ణయించి, కోర్సు గడువు దాటితే ఆ కాలానికి విద్యార్థి నుంచి పైసా తీసుకోకూడదని రాసుకుంటే ఆ హోదాకు అర్థం ఉంటుంది.

హైదరాబాదులో స్టూడియోలకు కొదవ లేదు, పరికరాలకు లేదు, నేర్పగలిగిన సీనియర్లకూ లేదు. ఏటా సౌండ్‌కు పదిమంది, ఎడిటింగ్‌కు పదిమంది, కెమెరాకు పదిమంది, దర్శకత్వానికి పదిమందిని తీసుకునే ఒక చిన్న ప్రభుత్వ బడి, పుణెకు సాటిగా, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడా లేదు. సౌండ్ నేర్చుకోవాలనుకున్న అనంతపురం అమ్మాయి ఈ ఏడు కూడా ప్రవేశ పరీక్ష ఫీజు కట్టి, పుణెకో కోల్‌కతాకో రైలెక్కాలి.