పోపుడబ్బా వెంట ఉందా?

హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు పెళ్లికి వెళ్లే వంటమేస్త్రి ఊరికే బయల్దేరడు. గుండిగలు, గరిటెలు, జల్లిగంటెలు వ్యాన్ ఎక్కిస్తాడు. తన చేతికి అలవాటైన మసాలా పొడి కూడా మూటగట్టుకుంటాడు. 'అక్కడ కొట్లో దొరక్కపోతుందా' అనుకుంటే, తీరా ముహూర్తం వేళకు ఆ కొట్టు మూసి ఉంటే?

పైథాన్‌లో వెబ్‌సైట్ రాసే మన ఇంజినీరింగ్ పిల్లలదీ ఇదే తంటా. లాగిన్, బిల్లు ముద్రణ, ఫొటో కుదించడం... ఇవన్నీ ఎవరో రాసిపెట్టిన లైబ్రరీలే చేస్తాయి. 2003లో మొదలైన 'పై పీ ఐ' అనే పెద్ద కొట్టు నుంచి 'పిప్' వాటిని తెచ్చిపెడుతుంది. ఇంట్లో అంతా సజావే. వైవా రోజున ల్యాబ్‌లో నెట్ ఉండదు. తెర మీద 'మాడ్యూల్ నాట్ ఫౌండ్'! నాలుగేళ్ల చదువు పది నిమిషాల డెమో దగ్గర ఆగిపోతుంది.

'పిప్ ఫ్రీజ్' కొట్టి వెర్షన్లతో సహా జాబితా రాసుకోవచ్చు. మంచిదే. కానీ అది సరుకుల చిట్టీ, సరుకులు కావు. 2008లో పైథాన్‌తోనే మొదలైన గూగుల్ యాప్ ఇంజన్‌లోనైతే మొదట్లో సర్వర్ మీద మనం ఏదీ ఇన్‌స్టాల్ చేసే వీలుండేది కాదు. బయటి లైబ్రరీ కావాలంటే మన ఫోల్డర్‌లోనే పెట్టి పంపాల్సి వచ్చేది. అంతెందుకు, అందరికీ సరుకులు మోసే పిప్ కూడా తనకు కావలసినవి తన సంచీలోనే పెట్టుకు తిరుగుతుంది!

కొట్టును నమ్ముకుంటే ఏమవుతుందో 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ వాళ్లకు తెలిసొచ్చింది. 11 లైన్ల 'లెఫ్ట్ ప్యాడ్'ను రాసినాయన అలిగి తీసేస్తే, వేల ప్రాజెక్టులు తయారవడం మానేశాయి.

అలాగని మూటగట్టి మర్చిపోతే మసాలా పురుగు పడుతుంది. 2021 డిసెంబరులో జావా లైబ్రరీ 'లాగ్‌ఫర్‌జే'లో పెద్ద లోపం బయటపడినప్పుడు, అది తమ సాఫ్ట్‌వేర్‌లో ఏ మూల దాగుందో తెలియక కంపెనీలు రాత్రింబవళ్లు వెతుక్కున్నాయి. ఇంకో చిక్కు... కొన్ని లైబ్రరీల్లో సీ భాషలో రాసిన భాగాలుంటాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో కట్టిన మూట లినక్స్ సర్వర్‌లో విప్పితే పనిచేయదు.

నన్నడిగితే లైబ్రరీల కోడ్‌ను మన కోడ్‌లో కలిపేయడం కన్నా 'పిప్ డౌన్‌లోడ్'తో వాటి ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో దించుకోవడం మేలు. ల్యాబ్‌లో ఏ సిస్టమ్, ఏ పైథాన్ వెర్షన్ ఉన్నాయో ముందే కనుక్కుని, అలాంటి దాని మీదే దించుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే నెట్ లేకుండానే ఎక్కించొచ్చు. వైవాకు రెండ్రోజుల ముందు నెట్ తీసేసి ఓసారి నడిపి చూడమనండి. లైబ్రరీతో వచ్చే లైసెన్స్ ఫైలును మాత్రం చెత్త అనుకుని తీసేయొద్దు, రాసినవాళ్ల పేరు అందులోనే ఉంటుంది.