కొండలలో, చెరువుగట్టున ఒక రాత్రి



సంక్రాంతి సెలవులు సమీపించుచున్నవనగానే మన యిండ్లలో ప్రయాణపు మాటలు మొదలగును. పుణ్యక్షేత్రములకును పుట్టినిండ్లకును పోవుట మనకు వాడుకయే. ఈ నడుమ పిల్లలు వేరొక కోరిక కోరుచున్నారు. కొండలలో, అడవినడుమ, నీటియొడ్డున గుడారము వేసికొని ఒక రాత్రి గడపవలెనట! మా యింట నీ కోరిక పుట్టి రెండేండ్లయినది. విశాఖపట్టణమునుండి లంబసింగికి పోయి, తాజంగి జలాశయమునొద్ద ఒక రాత్రి యుండి వచ్చితిమి. ఆ ప్రయాణమున నేను నేర్చినదానిని, చేసిన పొరపాట్లతోగూడ నిచ్చట వ్రాయుచున్నాను.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి మండలములోని చిన్నగ్రామము. నర్సీపట్టణమునుండి చింతపల్లికి పోవు బస్సులు దీని మీదుగనే పోవును. దారి సుమారు 30 కిలోమీటరులు. అందు చాలభాగము మలుపుల ఘాటుదారి. ఒడలు త్రిప్పు స్వభావముగల పిల్లలకు బయలుదేరుటకు ముందు కడుపునిండ పెట్టకుడు. చుట్టును తూర్పుకనుమలు, సిల్వరోకు చెట్ల నీడను కాఫీతోటలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపు తీగలు. సీతారామరాజు దండు 1922 ఆగస్టు 22వ తేదీని ముట్టడించిన పోలీసుఠాణా ఈ చింతపల్లిలోనిదే. బస్సులో పిల్లలు విసుగుచెందినపుడు చెప్పుట కింతకంటె మంచి కథ లేదు. లంబసింగికి కొలది కిలోమీటరుల దూరమున తాజంగి జలాశయము కొండలనడుమ నున్నది. గుడారములు అద్దెకిచ్చువా రచ్చటనే కలరు గనుక కొని మోసికొనిపోవలసిన పనిలేదు. జనవరి 1వ తేదీని, పండుగ దినములను జనసమ్మర్ద మెక్కువ. వారము నడిమి దినములలో పోవుట మేలు.

ప్రయాణము తలపెట్టినవారందరును పగటినిగూర్చియే యాలోచింతురు. ఏమి చూతము, ఎచ్చట ఛాయాచిత్రములు తీయుదము అనియే మాటలు. మేమును అట్లే చేసితిమి. నిజమునకు పగలు తనంతట తాను గడచిపోవును. ఏర్పాటంతయు రాత్రికొఱకే కావలెను.

ఏలయన, ఎత్తునకు పోవుకొలదిని చల్లదనము హెచ్చును. వేయి మీటరులకు సుమారు ఆరు డిగ్రీలు తగ్గునని లెక్క. లంబసింగి యెత్తు సుమారంతయే. దీనికి తోడు పుష్యమాసపు నిర్మలాకాశము. మబ్బులులేని రాత్రి భూమిలోని వేడి త్వరత్వరగ ఆకాశమునకు పోవును. చల్లబడిన గాలి బరువెక్కి, నీరువలెనే పల్లమునకు జారి యచ్చట నిలుచును. చెరువుండునది పల్లముననే గదా! విశాఖలో పలుచని దుప్పటి చాలు రాత్రులలో ఇచ్చట పది డిగ్రీలకు లోపలనే యుండును. సున్నకు చేరువకు దిగిన రాత్రులును కలవు. కావున నీటియంచున గుడారము వేయించుకొనవలెనను ముచ్చట మానుకొనుడు. గట్టునకు కొంత పైని, గాలిమరుగున, చదునైన నేల చూచుకొన్నయెడల చలియు తేమయు రెండును తగ్గును. చెరువు ఉదయమున ఎట్లును కనబడును.

పడకవిషయమున మే మందరమును పొరబడితిమి. కప్పుకొనుటకు కంబళ్లు మూటలు కట్టితిమిగాని, క్రింద పరచుకొనుటకు ఒక్కొక్క చాప మాత్రమే తెచ్చితిమి. చలి పైనుండి వచ్చినదానికంటె నేలనుండి వచ్చినదే యెక్కువ. క్రింద మందపు బొంత, దానిపై కంబళి, పైని మఱియొక కంబళి, ఇది క్రమము. తలకు ఉన్నిటోపీయు, కాళ్లకు పొడి మేజోళ్లును ఉండవలెను. పగలు నడిచిన మేజోళ్లతో పండుకొనరాదు, చెమటతేమ తెల్లవార్లు వణకించును.

ఇక నాకు ముఖ్యమైన సంగతి. ఆ రాత్రి పదిగంటల వేళ మా యత్తగారు కాళ్లు కొంకరలు పోవుచున్నవనిరి. మా మరిది బయటి నెగడులోని నిప్పులు ఒక మూకుటిలో పోసి గుడారములోనికి తెచ్చి, ద్వారమునకు జిప్పు వేసి, "వదినా, ఇక హాయిగా పండుకొనుడు" అనెను. నేనును సంతోషించితిని. పురుటిగదిలో కుంపటి పెట్టుట చూచి పెరిగినదానను, ఇందు కీడున్నదని నాకేల తోచును? ఒక అరగంట గడచెనేమో, అత్తగారు తల పగిలిపోవుచున్నదనిరి; పిమ్మట కడుపులో త్రిప్పుచున్నదనిరి. ఘాటుదారి బడలికయని నేను సొంఠి వెదకుచుంటిని. అంతలో గుడారములు అద్దెకిచ్చు కుఱ్ఱవాడు, అచ్చటి గిరిజనుడే, గుడ్డగోడలోనుండి ఎఱ్ఱని వెలుగు చూచి పరుగున వచ్చి, "అమ్మా, నిప్పు బయట పెట్టండి, అందరూ బయటికి రండి!" అని కేకవేసెను. వచ్చితిమి. చలిగాలిలో కొంతసేపు కూర్చుండగా అత్తగారికి తల తేలికపడినది. ఆ బాలుడు రాకున్నచో నే నీ పుట వ్రాయుచుండెడిదానను కాను.

బొగ్గులుగాని కట్టెనిప్పులుగాని మూసిన చోటున కాలునపుడు కార్బను మోనాక్సైడను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు నిలువవలసిన తావున తాను నిలుచును. మొదట తలనొప్పి, వికారము, తరువాత మత్తు. నిద్రించువానికి ఆ తలనొప్పియు తెలియదు. పొగ లేదు గదా యని నమ్మరాదు; పొగలేని ఎఱ్ఱని నిప్పులే దీనిని విస్తారముగ పుట్టించును. గ్యాసుపొయ్యి లోపల వెలిగించుటయు, కారు ఇంజను నడుచుచుండ అద్దములు మూసి అందు నిద్రించుటయు ఇట్టివే. ఎవరైన మత్తుగనున్నయెడల వెంటనే బయటిగాలిలోనికి తెచ్చి, ఆసుపత్రికి చేర్చవలెను. వెచ్చదనము కావలెనన్న సీసాలో వేడినీరు పోసి, బిరడా గట్టిగ బిగించి, గుడ్డచుట్టి కాళ్లయొద్ద నుంచుకొనుడు. మిగిలిన రాత్రి మేమదియే చేసితిమి.

వంటనుగూర్చి ఒక చిత్రము. ఆ యెత్తున నీరు సుమారు 97 డిగ్రీలకే మరగును. కందిపప్పు ఎంతసేపటికిని ఉడుకక నా సహనమును పరీక్షించినది. కావున పప్పు సంగతి మఱచిపోయి, ఇంటియొద్దనే బొంబాయిరవ్వ వేయించి, తాలింపు కలిపి డబ్బాలో పోసికొనుడు. మరిగిన నీటిలో పోసిన ఉప్మా సిద్ధము. మొదటిపూటకు పులిహోర, తరువాత కందిపొడి, నెయ్యి, చారుపొడి, పిల్లలకు సున్నియుండలు. అల్లము, మిరియములు, బెల్లము వేసి కాచిన కషాయము ఆ చలిలో అమృతము. వంట మనము చేసి, గిన్నెలు మనము తోమి, పక్కలు మనము వేసినయెడల, అది యింటిపనికి ఊరు మార్పేగాని విహారము కాదు. ఈ మాట బయలుదేరుటకు ముందే మగవారితో చెప్పి, పనులు పంచి, కాగితముపై వ్రాసి పెట్టుకొనుడు. మా మరిదికి గిన్నెలు వచ్చినవి. తోమెను కూడ.

సిగ్గుచే మనము చెప్పుకొనని మాట యొకటి కలదు. బయలు రుచి యెంతటిదైనను, ఆడువారికి మరుగుదొడ్డి లేని చోట రాత్రి గడపుట కష్టము. డేరాకు రొక్కము చెల్లించుటకు ముందే, అది యున్నదా, తలుపునకు గడియయున్నదా, నీరున్నదా, దారిలో దీపమున్నదా యని అడుగుడు. పోవలసివచ్చునని భయపడి పగలంతయు మంచినీరు త్రాగక కూర్చున్న సోదరీమణులను నేను చూచితిని. అది మూత్రవ్యాధులకు పిలుపు. నెలసరి దినము దగ్గరపడినదేమో లెక్కచూచుకొని, కావలసినవి సంచిలో నుంచుకొనుడు. వాడినవి మూటగట్టి వెనుకకు తెచ్చుకొనుడు.

జలాశయపు నీరు చూచుట కందమైనదేగాని త్రాగుటకు కాదు. తప్పనిసరియైనచో వడబోసి, బాగుగ తెర్లినపిమ్మట ఒక నిమిషము మరగనిచ్చి త్రాగవలెను. ఒడ్డున బురద కనబడక కాలు దిగబడును, లోతు ఒక్కసారిగ పెరుగును; పిల్లలను దింపరాదు. పడవ యెక్కినయెడల తేలుడు కోటు తొడుగనిదే కదలనీయకుడు. నెగడుకు అడవిలో కొమ్మలు విరువక, గ్రామస్థులయొద్ద కట్టెలు కొనుడు. పండుకొనుటకు ముందు నీరు పోసి, కలియబెట్టి, చేతికి వేడి తగులకుండువరకు ఆర్పవలెను. రక్షితారణ్యములోపల అటవీశాఖ యనుమతి లేక గుడారము వేయరాదు. అచ్చటి స్త్రీలను అడుగక ఛాయాచిత్రములు తీయుట మర్యాద కాదు. మన వాకిట నెవరైన అట్లు చేసిన నూరకుందుమా?

ఇన్ని జాగ్రత్తలు చెప్పి భయపెట్టితినేమో! నెగడు ఆరినతరువాత పిల్లలకోడి నడినెత్తిన ఎంత స్పష్టముగ కనబడినదనగా, మా చిన్నవాడు నక్షత్రములను లెక్కించుచునే నిద్రించెను. తెల్లవారునప్పటికి చెరువు లేదు. తెల్లని మంచు మాత్రమే యున్నది. అది మెల్లగ విచ్చుకొనగా నీరు, ఆవల కొండ, కొండపై యెండ ఒకటొకటిగ బయటపడినవి. అత్తగారు కంబళి కప్పుకొని గంటసేపు చూచుచు కూర్చుండిరి.

తిరిగివచ్చిన పిమ్మట మఱువరాని దొకటి. మన్నెమున మలేరియా యింకను పోలేదు. దానిని మోయు దోమ చీకటిపడినది మొదలు తెల్లవారువరకు కుట్టును. గుడారపు దోమతెర చిరుగులు చూచుకొని, చేతులు కాళ్లు కప్పుకొనవలెను. కాటునకు సాధారణముగ 10 మొదలు 15 దినములలో జ్వరము తగులును. ఒక్కొక్కప్పుడు నెలలు గడచినపిమ్మటను రావచ్చును. కావున ఇల్లు చేరినతరువాత ఎవరికి జ్వరము వచ్చినను, జలుబుజ్వరమని కషాయములతో కాలము గడపక, ఆ దినముననే నెత్తురు పరీక్ష చేయించి, మన్యమునకు పోయివచ్చితిమని వైద్యునితో ముందుగ చెప్పుడు.