మంచు కురవని ఏడాది కూలి ఎవరిస్తారు?

గుల్మార్గ్ అనగానే మనకు తోచేది సినిమా పాటల్లోని మంచు మైదానం. హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ ఎన్నో కుటుంబాలు అక్కడికి వెళ్లి ఫోటోలు దిగి వస్తుంటాయి. ఆ ఫోటోల అంచున తరచుగా ఒక మనిషి కనిపిస్తాడు. ఒంటిమీద ఫెరన్, చేతిలో తాడు. యాత్రికుడు కూర్చున్న చక్రాల్లేని చెక్క బండిని, అంటే స్లెడ్జిని, మంచు మీద లాగుతుంటాడు. అతని జీవనోపాధి గురించి మనలో ఆలోచించేవారు తక్కువ.

బారాముల్లా జిల్లాలో 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఈ స్కీయింగ్ పట్టణానికి పనివారిలో ఎక్కువమంది కింద ఉన్న తంగ్‌మార్గ్ నుంచీ చుట్టుపక్కల గ్రామాల నుంచీ వస్తారు. స్లెడ్జి లాగేవారు, గుర్రాలు నడిపేవారు, స్కీ గైడ్లు, హోటల్ పనివారు. దాదాపు అందరూ ముస్లింలే. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజుల తీవ్రమైన చలిని కశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. లోయ అంతా కాంగ్డి కుంపటి చుట్టూ ముడుచుకునే ఆ రోజులే వీరికి సంపాదన కాలం. వేసవిలో గుర్రం సవారీలు, తోట పనులు ఉన్నా, కుటుంబం అప్పు తీరేదీ తీరనిదీ తేలేది చలికాలంలోనే.

2024 జనవరిలో ఆ చలికాలం వచ్చింది గానీ మంచు రాలేదు. గోధుమ రంగు పచ్చికతో బోసిపోయిన గుల్మార్గ్‌ను దేశమంతా పత్రికల్లో చూసింది. నెలాఖరుకు గానీ మంచు పడలేదు. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు కూడా మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. అప్హర్వత్ శిఖరం వైపు వెళ్లే ప్రభుత్వ కార్పొరేషన్ కేబుల్ కారుకు మంచు లేకపోయినా టిక్కెట్లు అమ్ముడవుతాయి. స్లెడ్జి మాత్రం పచ్చిక మీద జారదు.

మన ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. ఆ 61 రోజులకు మత్స్యకార కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెరిగింది. అది సరిపోతుందా అన్నది వేరే చర్చ. పని లేని కాలం భారాన్ని పనివాడొక్కడే మోయనక్కరలేదన్న సూత్రమైతే అందులో ఉంది. గుల్మార్గ్ పనివారికి అది ఎందుకు వర్తించకూడదు?

వేట నిషేధం సర్కారు ఆజ్ఞ, మంచు కురవకపోవడం ప్రకృతి, రెండూ ఒకటి కాదు అనేవారుంటారు. సరే, ఆజ్ఞలనే చూద్దాం. 2019 ఆగస్టు 2న యాత్రికులు వెంటనే లోయ విడిచి వెళ్లాలని ప్రభుత్వమే సూచించింది. ఆ సూచనను వెనక్కి తీసుకున్నది అక్టోబరులో. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపిన తర్వాత, లోయలోని 87 పర్యాటక స్థలాల్లో 48 మూసివేశారు. భద్రతకు అది అవసరమే కావచ్చు. మూసిన చోటల్లా ఆగిపోయిన కూలి మాట ఏమిటి?

పహల్గామ్‌లో యాత్రికులను కాపాడబోయి ప్రాణమిచ్చిన గుర్రపు సవారీ పనివాడు సయ్యద్ ఆదిల్ హుస్సేన్ షాను దేశం కీర్తించింది. అదే రోజుల్లో ముస్సోరీలో కశ్మీరీ శాలువాల వ్యాపారులపై దాడి జరిగింది. 2017 జూన్‌లో, రంజాన్ పండుగ ముందు రోజున, చెట్టు కూలి గుల్మార్గ్ కేబుల్ కారు పడిపోయినప్పుడు ఢిల్లీకి చెందిన నలుగురు కుటుంబ సభ్యులతో పాటు ముగ్గురు స్థానికులూ మరణించారు. చనిపోయినప్పుడు కలిసి లెక్కించే మనం, బతికున్నప్పుడు మాత్రం వారిని వేరు చేసి చూస్తున్నాం.

“వాళ్లు ఎక్కువ రేటు అడుగుతారు, వెంటపడి విసిగిస్తారు” అన్న ఫిర్యాదు మన యాత్రికుల నోటా వింటుంటాం. అందులో అబద్ధం లేదు. కానీ కొద్ది వారాల్లో ఏడాది బియ్యం సంపాదించుకోవలసినవాడు మౌనంగా ఎలా నిలబడగలడు? 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ నుంచి పాల్గొన్న ఒకే ఒక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఆ ప్రాంతపు బిడ్డే. తండ్రి గుల్మార్గ్‌లో స్కీ పరికరాల దుకాణం నడిపేవారు. ఆ కొండ మీది నైపుణ్యం ఎంతటిదో అందులోనే తెలుస్తుంది.

కేబుల్ కారు ఆదాయంలో కొంత భాగంతో సంక్షేమ నిధి పెట్టాలి. నమోదైన ప్రతి స్లెడ్జి, గుర్రపు, గైడ్ పనివాడికి మంచు లేని వారాలకూ, సర్కారు మూసివేసిన రోజులకూ భృతి ఇవ్వాలి, ప్రమాద బీమా కల్పించాలి. శ్రీనగర్ అసెంబ్లీ చేయగలిగినంత చేయాలి, మిగిలింది కేంద్రం చేయాలి. మత్స్యకార భృతి ఎలా నడుస్తుందో తెలిసిన మన ఎంపీలు పార్లమెంటులో ఈ ప్రశ్న లేవనెత్తవచ్చు. మీ నియోజకవర్గ సభ్యుడికి ఒక ఉత్తరం రాయండి, వచ్చే చిల్లై కలాన్ లోపే.