గల్ఫ్ బడుల్లో మన టీచర్లకు అండ ఎవరు?

గల్ఫ్ అనగానే మనకు జగిత్యాల, సిరిసిల్ల నుంచి వెళ్లిన భవన కార్మికులు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు గుర్తొస్తారు. వాళ్ల కష్టాలు పత్రికలకెక్కుతాయి, ప్రభుత్వాలు ఎంతో కొంత కదులుతాయి. బీఈడీ పట్టా పట్టుకుని అదే విమానం ఎక్కే టీచర్ల ఊసు మాత్రం ఎక్కడా వినపడదు. చదువుకున్నవాళ్లు, తమ సంగతి తామే చూసుకుంటారన్నది అందరి ధీమా. ఆ ధీమాకు ఆధారం లేదు.

దుబాయ్‌లో భారతీయ బడులు నిన్నమొన్న పుట్టినవి కావు. యూఏఈ అనే దేశం ఏర్పడడానికి పదేళ్ల ముందే, 1961లో, అక్కడ ఇండియన్ హైస్కూల్ మొదలైంది. 1959లో కేరళ నుంచి వెళ్లిన వర్కీ దంపతులు వృత్తిరీత్యా టీచర్లు. 1968లో వాళ్లు పెట్టిన బడే ఇవాళ్టి జెమ్స్ విద్యాసంస్థలకు మూలం. అంటే ఆ నగరంలో మన చదువులను నిలబెట్టింది ఇక్కడి నుంచి వెళ్లిన ఉపాధ్యాయులే.

గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్లి సీబీఎస్‌ఈ బడిలో లెక్కలు చెప్పే టీచరుకు రోజు చీకటితోనే మొదలవుతుంది. దుబాయ్ అద్దెలు భరించలేక షార్జాలో కాపురం పెట్టినవాళ్లయితే, రెండు ఊళ్ల మధ్య పొద్దుటి ట్రాఫిక్‌ను దాటుకుని రావాలి. అసెంబ్లీలో యూఏఈ జాతీయగీతం, ఆ తర్వాత తెలుగు, మలయాళం, గుజరాతీ మాట్లాడే ఇళ్ల పిల్లలంతా కలిసి కూర్చున్న తరగతి. పిల్లలకు అరబిక్ తప్పనిసరి. శుక్రవారం ఒంటిపూట బడి, శని, ఆదివారాలు సెలవు. ఇది 2022 జనవరి నుంచి వచ్చిన పద్ధతి.

దుబాయ్‌లోని ప్రైవేటు బడులపై అజమాయిషీ కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థది. 2008లో అది తనిఖీలు మొదలుపెట్టింది. తనిఖీ బృందం తరగతిలో కూర్చుని పాఠం వింటుంది, నోటుపుస్తకాలు తిరగేస్తుంది, చివరికి బడికి ‘అవుట్‌స్టాండింగ్’ నుంచి ‘వెరీ వీక్’ దాకా ఏదో ఒక గ్రేడు ఇస్తుంది. ఫీజులు పెంచుకునే వీలును ఆ గ్రేడుతో ముడిపెట్టడంతో యాజమాన్యం ఆదుర్దా అంతా టీచరు నెత్తిన పడుతుంది. నాణ్యత కోసం తనిఖీ ఉండాల్సిందే. అయితే బ్రిటిష్ బడులతో పోలిస్తే భారతీయ బడుల్లో ఫీజులు తక్కువ, ఆ మేరకు జీతాలూ తక్కువే. తూకంలో మాత్రం అందరికీ ఒకే రాయి.

టీచరు అసలు నష్టపోయేది జీతం కాగితం దగ్గర. నెలకు 5,000 దిర్హమ్‌లు అనగానే రూపాయల్లోకి మార్చుకుని సంబరపడతాం. అందులో బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత అని అడిగేవాళ్లు అరుదు. యూఏఈ చట్టం ప్రకారం గ్రాట్యుటీని లెక్కగట్టేది బేసిక్ మీదే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజులది. బేసిక్ 4,000 ఉన్న టీచరుకు ఐదేళ్లకు 14,000 దిర్హమ్‌లు వస్తాయి. అదే 5,000 జీతంలో బేసిక్‌ను 2,500కి కుదిస్తే చేతికొచ్చేది 8,750. ఇద్దరూ చెప్పింది ఒకే పాఠం, తీసుకున్నది ఒకే జీతం. ఆఫర్ లెటర్‌లో ఒక్క గడి తేడా.

సాయంత్రం నాలుగు ట్యూషన్లు చెప్పి ఆ లోటు పూడ్చుకుందామన్నా అనుమతి లేకుండా కుదరదు. 2023 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్లకు రెండేళ్ల పర్మిట్‌ను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పనే. వెళ్లేముందే ఈ సంగతి టీచర్ల చెవిన వేసే ఏర్పాటు మన దగ్గర ఉండాలి కదా!

లోపం మన విధానంలోనే ఉంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద పదో తరగతి పాస్ కానివారు యూఏఈతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. ఆ దారిలో ఒప్పందాన్ని చూసే నాథుడు ఒకడుంటాడు, ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. డిగ్రీ ఉన్న టీచరుకు క్లియరెన్స్ అక్కర్లేదు. దాంతో ఆ రక్షణా లేదు. నర్సులదీ ఒకప్పుడు ఇదే పరిస్థితి. ఏజెంట్లు లక్షలు గుంజుతున్నారన్న ఫిర్యాదులు ముదిరాక 2015లో కేంద్రం నర్సులనూ క్లియరెన్స్ పరిధిలోకి తెచ్చి, నియామకాలను ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది.

టీచర్లకు అంత కట్టడి అక్కర్లేదు. విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలు తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ఎటూ ఉన్నాయి. కోరినవారికి ఆఫర్ లెటర్‌ను పరిశీలించి బేసిక్, నోటీసు గడువు, తిరుగు టికెట్ సంగతులు విప్పిచెప్పే ఒక డెస్కును ఈ రెండు సంస్థలూ పెట్టాలి. సర్టిఫికెట్ల అటెస్టేషన్ పేరుతో దళారుల చుట్టూ తిరిగే అవస్థా తప్పించాలి. ఇది పెద్ద ఖర్చు కాదు, కొత్త చట్టమూ అక్కర్లేదు.

అది జరిగేదాకా, వెళ్లబోయే టీచర్లు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఉద్యోగం ఇప్పించినందుకు ఏజెంటుకు పైసా ఇవ్వాల్సిన పని లేదు. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న యూఏఈ కార్మిక చట్టం ప్రకారం నియామకం ఖర్చు పూర్తిగా యజమానిదే.